విశాఖలో బొటానికల్ గార్డెన్ ఏది? పార్కుకూ దానికీ తేడా ఎక్కడుంది?

క్లుప్తంగా: పూలు, పచ్చిక, బెంచీలు ఉన్నంత మాత్రాన ఏ తోటా బొటానికల్ గార్డెన్ కాదు. ప్రతి మొక్కకూ పేరు, నంబరు, ఎక్కడినుంచి వచ్చిందన్న చరిత్ర రాసిపెట్టి ఉండాలి. విశాఖలో అలాంటి తోటకు కావలసిన భాగాలు వేర్వేరు చోట్ల, వేర్వేరు సంస్థల చేతుల్లో ఉన్నాయి. తుపానులు వచ్చే తీరం కాబట్టి ఇక్కడ మొక్కనూ, దాని వివరాలనూ రెండేసి చోట్ల ఉంచడం తప్పనిసరి. ఈ తీరపు వృక్షశాస్త్ర చరిత్ర 240 ఏళ్లుగా చెబుతున్నదీ అదే.

విశాఖపట్నంలో బొటానికల్ గార్డెన్ ఎక్కడుందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్తారు. పెదవాల్తేరులోని బయోడైవర్సిటీ పార్కు అంటారు కొందరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బోటనీ డిపార్ట్‌మెంటు తోట ఉంది కదా అంటారు అక్కడ చదివినవాళ్లు. అరకు టూర్‌కు వెళ్లొచ్చినవాళ్లకు పద్మాపురం గార్డెన్స్ గుర్తొస్తుంది. ఇంకొందరు కైలాసగిరినో, సెంట్రల్ పార్కునో చూపిస్తారు. మొదటి మూడు జవాబుల్లోనూ కొంత నిజం ఉంది. నాలుగోది మాత్రం పొరపాటే. ఆ పొరపాటు ఎందుకు జరుగుతుందో తెలిస్తే అసలు విషయం తేలిపోతుంది.

పార్కు మనుషుల కోసం, గార్డెన్ మొక్కల కోసం

పార్కును మనుషుల అవసరాన్ని బట్టి వేస్తారు. నడవడానికి దారి, కూర్చోవడానికి నీడ, పిల్లలకు ఉయ్యాలలు కావాలి. మొక్కలు ఆ ఏర్పాటుకు అందం. ఒక మొక్క చచ్చిపోతే నర్సరీ నుంచి ఇంకొకటి తెచ్చి అదే గుంతలో పెడతారు. ఎవరికీ లోటు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

బొటానికల్ గార్డెన్‌లో అలా కుదరదు. ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి తోటలను కలిపే సంస్థ చెప్పే నిర్వచనం ప్రకారం అది పరిశోధన, సంరక్షణ, ప్రదర్శన, బోధన కోసం వివరాలు నమోదు చేసిన సజీవ మొక్కల సేకరణ ఉన్న సంస్థ. అందులో కీలకమైన మాట "నమోదు". జూతో పోల్చి చూస్తే ఇది తేలికగా అర్థమవుతుంది. ఎండాడ దగ్గరి ఇందిరాగాంధీ జూలాజికల్ పార్కులో ఒక పులిపిల్ల పుడితే తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ తేదీన పుట్టింది అని రాసుకుంటారు. జంతువు విషయంలో అది అందరికీ సహజంగానే తోస్తుంది. మొక్కకూ అంతే శ్రద్ధగా రాయాలంటే మాత్రం ఆశ్చర్యపోతారు.

రిజిస్టరులో ఏముంటుంది, ఎందుకుంటుంది

తోటలోకి వచ్చిన ప్రతి మొక్కకూ, విత్తనాల పొట్లానికీ ఒక నంబరు ఇస్తారు. సాధారణంగా వచ్చిన సంవత్సరం, ఆ ఏడాది వరుస సంఖ్య కలిపి రాస్తారు. ఆ నంబరు ఎదురుగా శాస్త్రీయ నామం, కుటుంబం, స్థానిక పేరు, సేకరించిన కొండ లేదా ఊరు, తేదీ, సేకరించినవారి పేరు ఉంటాయి. మొక్క చచ్చిపోయినా ఆ నంబరు ఇంకో మొక్కకు ఇవ్వరు. ఎప్పుడు, ఎందుకు చచ్చిపోయిందో దాని ఎదురుగానే రాస్తారు. దీనికి తోడుగా హెర్బేరియం ఉంటుంది. అంటే పువ్వుతో, కాయతో సహా కొమ్మను నొక్కి, ఎండబెట్టి, అట్ట మీద అతికించి దాచే చోటు. మొక్క పేరు మీద ఎప్పుడు అనుమానం వచ్చినా తీసి చూసుకోవడానికి అదే సాక్ష్యం.

ఇంత పని అవసరమా అన్న ప్రశ్నకు అశోక చెట్టే జవాబు. ఆఫీసుల ముందు, కాలనీల గోడల వెంట నిటారుగా, కిందికి వాలిన ఆకులతో స్తంభాల్లా పెరిగే చెట్టును మనవాళ్లు అశోక చెట్టు అంటారు. నర్సరీలవాళ్లూ ఆ పేరుతోనే అమ్ముతారు. నిజానికి దాని పేరు నరమామిడి. అది సీతాఫలం కుటుంబానిది. ఆయుర్వేదంలో బెరడు వాడే అసలు అశోకం వేరు. అది గుబురుగా పెరిగి, నారింజ ఎరుపు పూలు గుత్తులుగా పూస్తుంది. చింత, తంగేడు ఉన్న కుటుంబానికి చెందుతుంది. మందుల సరుకులో అసలు అశోక బెరడుకు బదులు నరమామిడి బెరడు కలిసిపోవడం ఎప్పటినుంచో ఉన్న సమస్య. రెండు చెట్లనూ పక్కపక్కన నాటి, పేర్లు సరిగ్గా రాసిన బోర్డులు పెడితే పది నిమిషాల్లో ఎవరికైనా తేడా తెలుస్తుంది. ఆ పని చేయగలిగేది బొటానికల్ గార్డెనే.

రెండో కారణం పైకి కనిపించనిది. అడవిలో అరుదైపోయిన ఒక చెట్టును కాపాడాలని పది మొలకలు తెచ్చి నాటారనుకుందాం. ఆ పదీ ఒకే తల్లి చెట్టు గింజలైతే అవి తోబుట్టువులు. వాటిలో అవే సంకరపడితే వచ్చే తరాలు బలహీనపడే అవకాశం ఉంది. వేర్వేరు కొండల మీద వేర్వేరు తల్లి చెట్ల నుంచి తెచ్చినవైతే ఆ జాతి బలం తోటలోనూ నిలుస్తుంది. చూడటానికి రెండు తోటలూ ఒకేలా ఉంటాయి. తేడా రిజిస్టరులోనే ఉంటుంది.

సామర్లకోట నుంచి కలకత్తా దాకా

ఉత్తరాంధ్ర తీరానికి ఈ శాస్త్రం కొత్తది కాదు. ఇక్కడి మొక్కల వివరాలు ప్రపంచానికి చేరిన దారి విశాఖపట్నం మీదుగానే సాగింది.

స్కాట్లాండ్‌కు చెందిన విలియం రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు వచ్చి, 1781లో సామర్లకోట చేరాడు. అక్కడి కంపెనీ ప్రయోగ తోటలో మిరియం, నీలిమందు, చెరకు, పట్టుపురుగులకు కావలసిన మల్బరీ వంటివాటిని పరీక్షించాడు. కంపెనీకి కావలసింది లాభం. ఏ పంట ఏ నేలలో పండుతుంది, దేనితో వ్యాపారం చేయొచ్చు అన్నదే వాళ్ల ధ్యాస. కానీ రాక్స్‌బర్గ్ అక్కడితో ఆగలేదు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లు రాసుకున్నాడు. సోమిద మానుకు శాస్త్రవేత్తలు పెట్టిన "సోయ్‌మిడా" అన్న ప్రజాతి (జీనస్) పేరు తెలుగు నుంచి వెళ్లిందే. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు చెట్టు ఆకుల నుంచి నీలిరంగు తీయవచ్చని రాసి, ఆ చెట్టుకు శాస్త్రీయ వర్ణన ఇచ్చింది కూడా ఆయనే. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మల కర్ర, రెండు శతాబ్దాల కిందటే వృక్షశాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కిందన్న మాట.

అదే కాలంలో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండేవాడు. ఆయన సోదరుడు క్లాడ్ ఇక్కడ కంపెనీ అధికారి. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త కోయెనిగ్ చనిపోయాక ఆ బాధ్యత రస్సెల్‌కు వచ్చింది. రస్సెల్ పేరు ఇప్పుడు రక్తపింజర పాము ఇంగ్లీషు పేరులో మిగిలింది. కట్లపాముల ప్రజాతి పేరు "బంగారస్" కూడా ఆయన రాసుకున్న తెలుగు మాట "బంగారు" నుంచి వచ్చిందే. అయితే మొక్కల వైపు ఆయన చేసిన మేలు ఇంకా పెద్దది. కోరమాండల్ తీరపు ఉపయోగకరమైన మొక్కల మీద బొమ్మలతో ఒక గ్రంథం వెయ్యాలని కంపెనీకి సూచించినవాడు ఆయనే. రాక్స్‌బర్గ్ బొమ్మలు, వివరణలతో ఆ గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయింది. అందులో మొత్తం 300 చిత్రపటాలు ఉన్నాయి. మొదటి సంపుటానికి ముందుమాట రస్సెల్ రాశాడు.

ఈ కథలో విశాఖకు ఇప్పటికీ పనికొచ్చే ఘట్టం ఒకటుంది. యానాం దగ్గర ఇంజరం వైపు ఉప్పెన వచ్చినప్పుడు రాక్స్‌బర్గ్ పుస్తకాలు, తొలి మొక్కల సేకరణ నీటి పాలయ్యాయి. అప్పటిదాకా చేసిన పని తుడిచిపెట్టుకుపోయింది. 1793లో ఆయన కలకత్తాలోని కంపెనీ బొటానికల్ గార్డెన్‌కు అధికారిగా వెళ్లాడు. ఆయన మొత్తం వేయించిన మొక్కల చిత్రాలు 2,500కు పైనే. వాటిని రెండు ప్రతులుగా తయారు చేయించారు. ఒకటి తోటలో ఉంచి, రెండోది లండన్ పంపారు. ఆ రెండో ప్రతి ఇప్పుడు లండన్‌లోని క్యూ బొటానికల్ గార్డెన్స్‌లో ఉంది.

అయితే వలసపాలన నాటి తోటల ఖాతాలో నష్టాలూ ఉన్నాయి. అందం కోసం తెచ్చిన లాంటానా 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా తోట ద్వారా దేశంలోకి వచ్చింది. ఇప్పుడది తూర్పు కనుమల్లో అడవి కింది పొరను కమ్మేసి, స్థానిక మొలకలకు వెలుగు అందనివ్వడం లేదు. అందుకే ఈనాటి బొటానికల్ గార్డెన్లు కొత్త మొక్కను తెచ్చేముందు అది కంచె దాటి పోతుందా అని కూడా చూడాలి.

విశాఖలో ఇప్పుడున్నవి

పెదవాల్తేరులో రాణి చంద్రమణిదేవి ఆసుపత్రి ఆవరణలో ఉన్న బయోడైవర్సిటీ పార్కు చాలా చిన్నది. విస్తీర్ణం సుమారు 3 ఎకరాలు. అప్పటి నగరాభివృద్ధి సంస్థ వుడా, డాల్ఫిన్ నేచర్ కన్జర్వేషన్ సొసైటీ కలిసి ఈ శతాబ్దం మొదట్లో దీన్ని తీర్చిదిద్దాయి. 2018లో వుడా వీఎంఆర్‌డీఏగా మారింది. రెండు వేలకు పైగా రకాల మొక్కలు ఉన్నాయన్నది ఈ పార్కుకున్న పేరు. బెంగళూరు లాల్‌బాగ్ 240 ఎకరాలు. దాని పక్కన పెట్టి చూస్తే ఇది ఒక మూలకు సరిపోతుంది. కానీ కొలవాల్సింది ఎకరాలను కాదు. ఎడారి మొక్కలు, నీటి మొక్కలు, ఔషధ మొక్కలు, కీటకాలను తినే మొక్కలు, మరుగుజ్జు వృక్షాలు అని విభాగాలు చేసి, బోధన కోసం అమర్చిన తీరులో ఇది పార్కు కన్నా గార్డెన్‌కే దగ్గర. సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టే మొక్కలనూ, తేనె తాగే మొక్కలనూ దగ్గరదగ్గరగా పెంచడం వల్ల ఊరి మధ్యలో అవి నిలబడుతున్నాయి. నిమ్మ, కరివేపాకు ఉన్నచోట నిమ్మజాతి సీతాకోకచిలుక గొంగళ్లు ఆకులు తింటూ కనిపిస్తే అక్కడ అది చీడ కాదు, పాఠం.

ఇంత చిన్న చోట అన్ని రకాలు ఉండటంలో ఒక ఇబ్బంది కూడా ఉంది. ఒక్కో జాతికి ఒకటో రెండో మొక్కలకే చోటు దొరుకుతుంది. చూపించడానికి అది చాలు. జాతిని కాపాడటానికి చాలదు.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని బోటనీ విభాగం తోట ఇంకో తరహా. విద్యార్థులు కోసి, చీల్చి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసుకోవడానికి పెంచే మొక్కలు ఇలాంటి తోటలకు ప్రాణం. యూరప్‌లో తొలి బొటానికల్ గార్డెన్లు కూడా ఇలాగే పుట్టాయి. ఇటలీలోని పీసా తోట 1544లో, పాదువా తోట 1545లో వైద్య విద్యార్థులకు మూలికలు చూపించడానికి విశ్వవిద్యాలయాల్లోనే మొదలయ్యాయి. పేర్లు నిర్ధారించగల అధ్యాపకులు విశ్వవిద్యాలయంలో ఉంటారు. చూడాలనుకునే జనం బయట ఉంటారు. ఆ రెంటినీ కలిపే ఏర్పాటే విశాఖకు ఇప్పటిదాకా అందని మెట్టు.

కంబాలకొండ గార్డెన్ కాదు, అభయారణ్యం. సుమారు 71 చదరపు కిలోమీటర్ల ఈ అడవి ఊరి ఉత్తరపు అంచున ఉండటం విశాఖ అదృష్టం. మొక్క తన సొంత చోట ఎలా బతుకుతుందో అక్కడ చూడొచ్చు. గార్డెన్‌కు గింజలు రావాల్సింది కూడా ఇలాంటి అడవుల నుంచే, అదీ అటవీశాఖ అనుమతితో. కైలాసగిరి, సెంట్రల్ పార్కు, బీచ్ ఒడ్డు తోటలు విహారానికి వేసినవి. వాటిని ఆ లెక్కలోనే చూడాలి.

తుపాను పెట్టిన పరీక్ష

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల స్థాయి గాలులకు విశ్వవిద్యాలయం ఆవరణ, జూ, కంబాలకొండ, రోడ్ల పక్కన నీడ అన్నీ ఒక్క రోజులో దెబ్బతిన్నాయి. కూలకుండా నిలిచిన చెట్ల ఆకులు కూడా మాడిపోయినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. సముద్రపు నీటి తుంపరలతో వచ్చిన ఉప్పు ఆకుల్లోని తడిని లాగేయడం, విసురుగాలి ఆకులను చీల్చేయడం దీనికి కారణాలు.

ఏ చెట్లు కూలుతాయన్నది అదృష్టం మీద ఆధారపడదు. తురాయి వంటి చెట్లు తొందరగా పెరుగుతాయి, కర్ర పెళుసు, వేళ్లు పైపైనే పరుచుకుంటాయి, పైన గొడుగులా విప్పుకున్న కొమ్మలు గాలిని పట్టేస్తాయి. ఫుట్‌పాత్ వేసేటప్పుడు, డ్రైనేజీ తవ్వేటప్పుడు ఒకవైపు వేళ్లు తెగిన చెట్టు ఆ వైపు పట్టు కోల్పోతుంది. తుపాను కన్ను దాటుతున్నప్పుడు గాలి దిశ తిరుగుతుంది కాబట్టి మొదటి గాలికి నిలిచిన చెట్టు రెండో గాలికి పడిపోవచ్చు. తాటిచెట్టు సంగతి వేరు. దానికి కొమ్మలు లేవు, పీచులాంటి కాండం వంగి లేస్తుంది, గుబురుగా దిగిన వేళ్లు మట్టిని గట్టిగా పట్టుకుంటాయి.

తుపాను తరువాత తొందరపడి నాటడం వల్ల వచ్చే చిక్కుకు ఏడాకుల పాల చెట్టు ఉదాహరణ. హుద్‌హుద్ తరువాత విశాఖ రోడ్ల వెంట విరివిగా నాటిన చెట్లలో ఇదొకటి. తొందరగా పెరుగుతుంది, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు. నాటేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? కానీ అక్టోబరు దాటాక రాత్రిపూట దీని పూల వాసన ఘాటుగా కమ్మేస్తుంది. ఒకటి రెండు చెట్లయితే ఆ వాసన హాయిగానే ఉంటుంది. వీధంతా అవే అయితే తలనొప్పి, ఊపిరాడటం లేదని జనం ఫిర్యాదు చేస్తారు. ఏటా ఆ కాలంలో "ఈ చెట్లు కొట్టేయాలా?" అన్న చర్చ మళ్లీ వస్తుంది. చెట్టు తప్పేమీ లేదు. అది మన దేశపు చెట్టే. ఒకప్పుడు దాని కర్రతో పిల్లల పలకలు చేసేవారు. ఒకే జాతిని వరుసగా నాటడమే తప్పు. ఒక గార్డెన్‌లో అదే చెట్టును పదేళ్లు ముందుగా పెంచి, ఎప్పుడు పూస్తుంది, ఎంత దూరం వాసన పోతుంది, గాలికి ఎలా నిలుస్తుంది అని రాసుకుని ఉంటే ఆ సంగతి నాటకముందే తెలిసేది. రాక్స్‌బర్గ్ కంపెనీ లాభం కోసం పంటలను పరీక్షించాడు. ఇప్పుడు అదే పద్ధతిలో ఊరి నీడ కోసం చెట్లను పరీక్షించుకోవాలి.

తుపాను దెబ్బ తిన్నవి విశాఖ తోటలు మాత్రమే కాదు. కలకత్తా తోటను 1864, 1867 తుపానులు అతలాకుతలం చేశాయి. అక్కడి పేరుమోసిన మహావటవృక్షం మొదలు ఆ దెబ్బల తరువాత బూజు పట్టి కుళ్లిపోగా 1925లో కోసేయాల్సి వచ్చింది. చెట్టు మాత్రం చావలేదు. ఊడలు నేలలోకి దిగి కాండాలుగా మారడం వల్ల నడుమ మొదలు లేకుండానే ఇప్పటికీ విస్తరిస్తోంది. 2020 మే నెలలో ఆంఫన్ తుపాను ఆ తోటలో మళ్లీ ఎన్నో చెట్లను కూల్చింది, మర్రి ఊడలనూ కొన్నింటిని పడగొట్టింది. అప్పుడు ఏది పోయిందో చెప్పగలిగారంటే రికార్డు ఉండబట్టే. ఏది పోయిందో తెలిస్తేనే దాన్ని మళ్లీ ఎక్కడినుంచి తెచ్చుకోవాలో తెలుస్తుంది.

కొండ మీద రెండో చోటు

ఇక్కడే అరకులోని పద్మాపురం తోట ప్రాధాన్యం బయటపడుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి దీన్ని మొదలుపెట్టారు. తరువాత ఉద్యాన నర్సరీగా మారింది. ఇప్పుడు బొమ్మ రైలు, చెట్ల మీద కట్టిన గుడిసెలతో పర్యాటకుల చోటుగా పేరు తెచ్చుకుంది. 2022 ఏప్రిల్ నుంచి అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. జిల్లా మారినా విశాఖ నుంచి వెళ్లేవాళ్లకు అది విశాఖ ప్రయాణంలో భాగమే.

అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. అందువల్ల విశాఖ వేడికి, ఉప్పుగాలికి తట్టుకోలేని మొక్క అక్కడ బతుకుతుంది. తీరం దాటిన తుపాను లోపలికి పోయేకొద్దీ, కనుమలు ఎక్కేకొద్దీ గాలి బలం తగ్గుతుంది. వాన, కొండచరియల ప్రమాదం ఉంటుంది కానీ ఉప్పుగాలి బాధ ఉండదు. ఒకే జాతి మొక్కలను తీరాన కొన్ని, కొండ మీద కొన్ని పెంచితే ఒకే తుపానుకు రెండు చోట్లా పోయే అవకాశం చాలా తక్కువ. పెదవాల్తేరు, అరకు తోటల మధ్య దూరం రోడ్డు మీద నూట పదిహేను కిలోమీటర్లే. ఇంత తక్కువ దూరంలో సముద్రతీర వాతావరణం, కొండ వాతావరణం రెండూ దొరికే నగరాలు దేశంలో ఎక్కువ లేవు.

తీరంలో ఏవి పెంచాలి? ఇసుకను పట్టి ఉంచే బాలబంద తీగ, కానుగ, పొగడ, పొన్న, తాటి వంటివి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మీద, ఊరి కొండల మీద వాటంతట అవి పెరిగే జాతులు. సరుగుడు, జీడిమామిడి మన తీరపు చెట్లేనని చాలామంది నమ్ముతారు. సరుగుడు తూర్పు దేశాల నుంచి, జీడిమామిడి బ్రెజిల్ నుంచి వచ్చాయి. అవి కూడా ఉండొచ్చు. కానీ బోర్డు మీద వాటి పుట్టిల్లు రాయాలి.

ఏం జరిగే అవకాశం ఉంది

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య కమిటీలు ఉండాలి, ఊళ్లోని మొక్కలు, జంతువులు, వాటి వాడకం గురించి రిజిస్టర్లు రాయాలి. ఆ రిజిస్టరులో రాసిన మొక్కకు గార్డెన్‌లో బతికున్న నమూనా, హెర్బేరియంలో ఎండిన కొమ్మ తోడైతే ఆ రాతకు విలువ వస్తుంది. విశ్వవిద్యాలయం పేర్లు నిర్ధారించడం, పెదవాల్తేరు పార్కు జనానికి చూపించడం, అరకు తోట రెండో ప్రతిని పెంచడం, అడవి నుంచి అనుమతితో గింజలు తేవడం అని పనులు పంచుకుంటే కొత్త భూమి, పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. నాలుగు చోట్లా ఒకే నంబరు పద్ధతి ఉంటే చాలు. అలా జరగకపోతే ఎవరి తోట వారిదిగా, పూలు చూసి ఫొటోలు దిగే చోట్లుగానే మిగులుతాయి. ఏ మొక్కను పెంచుతున్నారన్నది అక్కడి తోటమాలి జ్ఞాపకంలో ఉంటుంది. ఆయన రిటైరైన రోజున ఆ సమాచారమూ ఆయనతోపాటే వెళ్లిపోతుంది.

హుద్‌హుద్ తరువాత నాటిన చెట్లకు పదేళ్లు దాటాయి. కాండాలు లావెక్కి, కొమ్మలు విప్పుకున్నాయి. ఇంకో పెద్ద తుపాను వస్తే వాటికి అదే మొదటి పరీక్ష. ఏ వీధిలో ఏ జాతి ఉంది, మొదలు చుట్టుకొలత ఎంత, వేళ్ల చుట్టూ మట్టి ఎంత, సిమెంటు ఎంత అన్నవి బోటనీ విద్యార్థులు ఒక సీజన్‌లో రాసేయగల వివరాలు. అక్టోబరు గాలులు మొదలవకముందే ఆ జాబితా ఒక ప్రతి విశాఖలో, ఒక ప్రతి అరకులో ఉండాలి.